పుట్టినరోజుకు సైకిల్ మీద లాంగ్ రైడ్: అందరూ అడిగే సందేహాలు, జవాబులు

నలభై, యాభై, అరవై నిండుతున్నాయంటే ఆ రోజును గుర్తుండిపోయేలా చేసుకోవాలని ఎవరికైనా ఉంటుంది. నా యాభయ్యో పుట్టినరోజుకు 100 కిలోమీటర్లు సైకిల్ తొక్కాను. అప్పటినుంచి "నేనూ తొక్కాలనుకుంటున్నాను" అంటూ పలకరించేవాళ్లు ఎక్కువయ్యారు. మనుషులు మారినా సందేహాలు మాత్రం అవే, అందుకే అన్నీ ఒకచోట రాసి పెట్టాను. ఏ ప్రశ్నకు ఆ జవాబు విడిగా సరిపోతుంది, మీకు కావలసిందే చదువుకోండి. ఇక్కడ రైడ్ అంటే కాళ్లతో తొక్కే సైకిల్ మీద వెళ్లేదే, మోటార్ సైకిల్ కాదు.

## అనుకునే ముందు

ఎన్ని కిలోమీటర్లు పెట్టుకోవాలి? వయసు ఎంతో అంతా?

ఎక్కువమంది ఎంచుకునేది అదే. యాభై ఏళ్లకు 50 కిలోమీటర్లు అన్నమాట. కొంచెం అలవాటున్నవాళ్లు అదే అంకెను మైళ్లలో పెట్టుకుంటారు. 50 మైళ్లంటే 80 కిలోమీటర్ల పైచిలుకు, 60 మైళ్లంటే దాదాపు 97. సైకిల్ తొక్కేవాళ్లలో 100 కిలోమీటర్లకు, 100 మైళ్లకు (161 కిలోమీటర్లు) ప్రత్యేకమైన గౌరవం ఉంది. వీటన్నిటికంటే నేను ముందు అడిగేది ఒక్కటే: ఆ సాయంత్రం మీవాళ్ల మధ్య కూర్చుని కబుర్లు చెప్పే ఓపిక మిగులుతుందా? కేక్ కోసే వేళకు మంచం మీద పడిపోయే దూరమైతే అది పుట్టినరోజుకు తగ్గ దూరం కాదు. ఇప్పుడు ఒక్క రోజులో హాయిగా ఎంత తొక్కగలరో చూసుకోండి. మూడు నాలుగు నెలల సాధనతో దానికి రెండింతలు, మరీ పట్టుదల ఉంటే రెండున్నర రెట్లు చేయొచ్చు. అంతకు మించిన అంకె మనసులో ఉంటే దాన్ని వచ్చే ఏడాదికి ఉంచుకోండి.

నాకు అరవై దాటాయి. ఇప్పుడు మొదలుపెడితే ఆలస్యం కాదా?

కాదు. ఫ్రాన్స్‌కు చెందిన రాబర్ట్ మార్షాన్ 1911లో పుట్టారు. 2012లో, నూరేళ్ల వయసులో, ట్రాక్ మీద ఒక్క గంటలో 24 కిలోమీటర్లకు పైగా తొక్కారు. 2014లో, 102 ఏళ్ల వయసులో, దాన్ని 26.927 కిలోమీటర్లకు పెంచారు. ఆయనలా అందరం తొక్కగలమని కాదు. సాధన చేస్తే ఆ వయసులోనూ ఒంటి సత్తువ పెరుగుతుందని ఆయన చూపించారు. అరవై దాటినవాళ్లకు వచ్చే ముఖ్యమైన తేడా కోలుకునే సమయంలో ఉంటుంది. ముప్పైల్లో ఒక్క రాత్రి నిద్రతో పోయే అలసటకు ఇప్పుడు రెండు రోజులు పట్టొచ్చు. కాబట్టి విశ్రాంతి రోజులను కూడా సాధనలో భాగంగానే లెక్కేసుకోండి.

డాక్టర్‌కు చూపించుకోవాలా?

చాలాకాలంగా వ్యాయామం లేనివాళ్లు, బీపీ, షుగర్, గుండె జబ్బు ఉన్నవాళ్లు, ఇంట్లో చిన్న వయసులోనే గుండెపోటు వచ్చినవాళ్లు ఉన్నవారు తప్పకుండా చూపించుకోవాలి. "ఆరోగ్యం ఎలా ఉంది?" అని పైపైన అడగకుండా, "ఐదారు గంటలు ఆగకుండా శ్రమపడే పని చేయబోతున్నాను, నా మందులతో ఇబ్బంది ఉంటుందా?" అని సూటిగా అడగండి. షుగర్‌కు ఇన్సులిన్, లేదా షుగర్ మరీ పడిపోయేలా చేయగల మాత్రలు వాడేవాళ్లకు ఈ ప్రశ్న చాలా ముఖ్యం, ఎందుకంటే ఎక్కువసేపు తొక్కితే షుగర్ ఉన్నట్టుండి పడిపోవచ్చు. తొక్కుతుండగా ఛాతీలో నొప్పి లేదా బిగింపు, కళ్లు తిరగడం, ఎప్పుడూ లేని ఆయాసం వస్తే ఆ క్షణమే ఆగి సాయం పిలవండి. ఈ విషయంలో మొహమాటం వద్దు.

ఎన్ని నెలల ముందు మొదలుపెట్టాలి?

వారానికి రెండు మూడు సార్లు తొక్కే అలవాటు ఇప్పటికే ఉంటే 100 కిలోమీటర్లకు 10 నుంచి 12 వారాలు చాలు. సైకిల్ ముట్టుకుని ఏళ్లయిందంటే ఐదారు నెలలు ఉంచుకోండి. గుండె, ఊపిరితిత్తులు కొన్ని వారాల్లోనే పుంజుకుంటాయి. కీళ్లు, స్నాయువులు, సీటు మీద ఆనే చర్మం మాత్రం నెమ్మదిగా అలవాటు పడతాయి. తొందరపడినవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది అక్కడే.

సరిగ్గా పుట్టినరోజు నాడే తొక్కాలా?

అక్కర్లేదు. పుట్టినరోజు మండుటెండల్లోనో, జోరువానల్లోనో, పనిరోజునో పడితే దగ్గర్లోని సెలవు రోజుకు మార్చుకోండి. వాతావరణం తిరగబడితే వాడుకోవడానికి ఇంకో తేదీ కూడా ముందే అనుకుని అందరికీ చెప్పి ఉంచండి. అది లేకపోతే "అందరూ వచ్చేశారు, ఇంకేం చేస్తాం" అంటూ ఉరుముల వానలో బయల్దేరాల్సి వస్తుంది.

ఇంట్లోవాళ్లు వద్దంటున్నారు. ఎలా ఒప్పించాలి?

వాళ్ల భయం ఎక్కడుందో ముందు వినండి. మా ఇంట్లో భయం దూరం గురించి కాదు, లారీలు తిరిగే రోడ్డు గురించి. ఆ సంగతి తెలియక నేను రెండు వారాలు నా గుండె ఎంత బాగుందో చెబుతూ కూర్చున్నాను. చివరికి దారి మార్చి, ఫోన్‌లో నేను ఎక్కడున్నానో ఎప్పటికప్పుడు కనపడేలా పెట్టి, ఏ టైముకు ఎక్కడ ఉంటానో కాగితం మీద రాసి ఫ్రిజ్ మీద అంటించాను. ఆ తర్వాత "వద్దు" అన్న మాట మళ్లీ రాలేదు. వీలైతే వాళ్లకూ ఈ రోజులో ఒక పాత్ర ఇవ్వండి. మధ్యలో కలిసి నీళ్లు అందించడం, చివరి 5 కిలోమీటర్లు మీతో కలిసి తొక్కడం, అలాంటివి.

## సైకిల్

నా దగ్గర మామూలు సైకిలే ఉంది. కొత్తది కొనాలా?

50 నుంచి 80 కిలోమీటర్ల వరకు మామూలు సైకిలే సరిపోతుంది, మీ ఒంటికి సైజు కుదిరి, మంచి కండిషన్‌లో ఉంటే చాలు. డబ్బు పెట్టాలనుకుంటే ముందు టైర్ల మీద పెట్టండి. గళ్లుగళ్లుగా ఉండే లావుపాటి మౌంటెన్ బైక్ టైర్లు తీసి నున్నటి రోడ్డు టైర్లు వేస్తే కొత్త సైకిల్ ఎక్కినట్టే ఉంటుంది. ఎత్తులు ఎక్కే దారి అయితే తేలిక గేర్లు ఉండాలి. కొత్త సైకిలే కొంటానంటే కనీసం రెండు నెలల ముందు కొనండి. దాని సీటు, హ్యాండిల్ మీ ఒంటికి కుదరడానికి ఆ మాత్రం సమయం పడుతుంది.

సీటు ఎంత ఎత్తు ఉండాలి?

గోడను పట్టుకుని సీటు మీద కూర్చోండి. పెడల్‌ను బాగా కిందికి తెచ్చి దాని మీద మడమ పెట్టండి. కాలు పూర్తిగా చాచినట్టు నిటారుగా ఉండాలి. అప్పుడు మామూలుగా పాదం ముందు భాగంతో తొక్కితే మోకాలు కొద్దిగా వంగి ఉంటుంది, కావలసింది అదే. మన వీధుల్లో కనిపించే సైకిళ్లలో చాలావాటికి సీటు మరీ కిందికి ఉంటుంది, రెండు కాళ్లూ నేలకు ఆనాలని అలా దించుకుంటారు. దగ్గరి దూరాలకు ఫర్వాలేదు, 50 కిలోమీటర్లు అలా తొక్కితే మోకాళ్లు ఊరుకోవు. ఆగినప్పుడు సీటు దిగి ముందుకు నిలబడటం నేర్చుకుంటే పడతామన్న భయం పోతుంది.

గంట దాటితే కూర్చునే చోట భరించలేని నొప్పి. మెత్తటి సీటు వేయించాలా?

చాలామంది అదే చేస్తారు, అదే నొప్పిని పెంచుతుంది. మరీ మెత్తటి సీట్లో ఎముకలు లోపలికి దిగబడి, బరువంతా మధ్యలో ఉన్న మెత్తటి భాగం మీద పడుతుంది. అక్కడ నరాలు, రక్తనాళాలు ఉంటాయి, తిమ్మిరి వచ్చేది అందుకే. కావలసింది మీ కూర్చునే ఎముకల వెడల్పుకు సరిపోయే సీటు, కాస్త గట్టిగానే ఉండాలి. మెత్త మీ నిక్కర్లో ఉండాలి. ప్యాడ్ ఉన్న సైక్లింగ్ షార్ట్స్ వేసుకోండి, దాని లోపల ఇంకేమీ వేసుకోవద్దు, లోపలి బట్ట కుట్లే ఒరుసుకుని చర్మం చిట్లుతుంది. ఒరుసుకునే చోట చర్మానికి క్రీమ్ రాయండి. ప్రతి పది పదిహేను నిమిషాలకు ఒకసారి పెడల్స్ మీద లేచి నిలబడండి. ఇదంతా చేస్తూ మూడు నాలుగు వారాలు గడిచినా తగ్గకపోతే సీటు మార్చండి.

బ్యాటరీ సైకిల్ మీద వెళ్తే దాన్ని రైడ్ అనొచ్చా?

అనొచ్చు. మోకాళ్లు అరిగినవాళ్లు, గుండె ఆపరేషన్ అయినవాళ్లు, తమకంటే వేగంగా తొక్కే భార్యతోనో భర్తతోనో కలిసి వెళ్లాలనుకునేవాళ్లు దీనివల్లే ఈ ఆనందం పొందుతున్నారు. లెక్క మాత్రం ముందే చూసుకోవాలి. ఎత్తులు, ఎదురుగాలి, మీ బరువు, ఎంత సాయం పెట్టుకున్నారు, వీటన్నిటిని బట్టి బ్యాటరీ దూరం బాగా మారిపోతుంది. పెట్టె మీద రాసిన కిలోమీటర్లను నమ్మకుండా, ముందే ఒకసారి అలాంటి దారిలోనే తొక్కి చూడండి. బ్యాటరీ అయిపోయాక ఆ బరువు సైకిల్‌ను ఉత్తినే తొక్కడం మామూలు కష్టం కాదు.

## సాధన

వారానికి ఎన్ని రోజులు తొక్కాలి?

మూడు రోజులు చాలు. రెండు చిన్నవి, ఒక్కొక్కటి నలభై ఐదు నిమిషాల నుంచి గంట. సెలవు రోజున ఒక పెద్దది. ఈ పెద్ద రైడే అసలు సాధన. ఇప్పుడు 25 కిలోమీటర్లు తొక్కగలిగితే వారానికి ఐదారు కిలోమీటర్ల చొప్పున పెంచుతూ పోండి. ప్రతి నాలుగో వారం పెంచకుండా తగ్గించండి, ఒళ్లు బలపడేది ఆ వారంలోనే. పుట్టినరోజుకు ముందు ఒక్కసారైనా మొత్తం దూరంలో 75 నుంచి 80 శాతం తొక్కి ఉండాలి. 100 కిలోమీటర్లకు సిద్ధమయ్యేవాళ్లు 75 తొక్కారంటే మిగతా పాతిక ఆ రోజు ఉత్సాహమే తొక్కించేస్తుంది. చివరి పది రోజులు దూరాలు సగానికి తగ్గించండి. ఆ రోజుల్లో "ఇంకొక్క రైడ్" అని మనసు లాగుతుంది, లొంగకండి. కాళ్లు తాజాగా ఉండటమే అప్పుడు ముఖ్యం.

ఎంత వేగంతో తొక్కాలి?

పక్కవాళ్లతో పూర్తి వాక్యాలు మాట్లాడగలిగేంత. ముక్కలు ముక్కలుగా మాట వస్తోందంటే వేగం ఎక్కువైనట్టే. వాచీలో గుండె వేగం చూసుకునేవాళ్లు ఉన్నారు, మంచిదే. బీటా బ్లాకర్ల లాంటి బీపీ మందులు గుండె వేగాన్ని తగ్గిస్తాయి కాబట్టి ఆ మందులు వాడేవాళ్లకు వాచీ అంకెల కంటే ఈ మాటల పరీక్షే నమ్మకమైనది. గంటకు 18 నుంచి 20 కిలోమీటర్లు చాలామందికి హాయిగా ఉంటుంది. బరువు గేరులో బలంగా నొక్కే బదులు తేలిక గేరులో కాళ్లు చకచకా తిప్పండి. నిమిషానికి 80 చుట్లు మంచి లెక్క.

మోకాలు నొప్పి వస్తోంది. ఆపేయాలా?

నొప్పి ఎక్కడో గమనించండి. చిప్ప దగ్గర, ముందువైపు నొప్పి అయితే చాలాసార్లు సీటు మరీ కిందికి ఉండటమో, బరువు గేరులో తొక్కడమో కారణం. మోకాలి వెనక లాగుతుంటే సీటు మరీ పైకి ఉండొచ్చు. అర సెంటీమీటరు చొప్పున మార్చి, రెండు మూడు రైడ్లు చూసి, అవసరమైతే మళ్లీ మార్చండి. వాపు వచ్చినా, మెట్లు దిగుతున్నప్పుడు కూడా నొప్పి ఉన్నా ఆపి డాక్టర్‌కు చూపించండి. నొప్పి మాత్ర మింగి సాధన కొనసాగించవద్దు.

మధ్యలో రెండు వారాలు పోయాయి. ఇప్పుడెలా?

కంగారు పడకండి, రెండు వారాల్లో పోయేది కొంచెమే. ఆపినప్పటి దూరానికి ఒకటి రెండు మెట్లు కిందినుంచి మళ్లీ మొదలుపెట్టండి. పోయిన రైడ్లన్నీ ఒకే వారంలో పూర్తి చేయాలని మాత్రం చూడవద్దు. జ్వరంతో ఆగినవాళ్లు జ్వరం పూర్తిగా తగ్గి, ఆకలి, నిద్ర మామూలయ్యాకే సైకిల్ ఎక్కాలి.

## దారి

మంచి దారి ఎలా ఎంచుకోవాలి?

వాహనాలు తక్కువ, నీళ్లు దొరికే చోట్లు ఎక్కువ, ఎక్కడ ఆపేసినా ఇంటికి చేరే వీలు. ఈ మూడూ ఉంటే చాలు, అందం వాటంతట అదే దొరుకుతుంది. ఒకేసారి పెద్ద చుట్టు వేసే బదులు ఇంటి మీదుగా వచ్చే రెండు మూడు చుట్లుగా విడగొడితే ఎన్నో చిక్కులు తీరతాయి. తడిసిన బట్టలు మార్చుకోవచ్చు, కొంత దూరానికే వచ్చేవాళ్లు కలవొచ్చు, విడిపోవచ్చు. మ్యాప్‌లో దూరంతో పాటు ఎత్తు కూడా చూడండి. 100 కిలోమీటర్లలో మొత్తం 1000 మీటర్ల ఎక్కుడు ఉంటే అది చదునైన 100తో పోలికే లేని రోజు. కష్టమైన ఎత్తులు మొదటి సగంలో వచ్చేలా చూసుకోండి. దారంతా ముందే ఒకసారి, ముక్కలుగానైనా, తొక్కి చూడండి. కంకర తేలిన రోడ్డు, వెంటపడే కుక్కలు, ఎడమ పక్క చోటు లేని వంతెన మ్యాప్‌లో కనపడవు.

గాలి గురించి అంత ఆలోచించాలా?

ఆలోచించాలి. గాలి మనల్ని వెనక్కి నెట్టే బలం, దానికి ఎదురెళ్లే వేగం రెట్టింపైతే నాలుగు రెట్లవుతుంది. ఎదురుగాలిలో కూడా మామూలు వేగమే ఉండాలని తొక్కితే గంటలోనే కాళ్లు ఖాళీ అవుతాయి. వెళ్లేటప్పుడు ఎదురుగాలి, వచ్చేటప్పుడు వెనకగాలి ఉండేలా దిశ పెట్టుకోండి. తెల్లవారుజామున గాలి సాధారణంగా నెమ్మదిగా ఉంటుంది, ఎండ ఎక్కేకొద్దీ పెరుగుతుంది. పెందలాడే బయల్దేరడానికి ఇది మంచి కారణం.

## ఆ రోజు

ఏం తినాలి, ఎన్ని నీళ్లు తాగాలి?

కండరాల్లో నిల్వ ఉండే పిండిపదార్థం గట్టిగా తొక్కితే గంటన్నర, రెండు గంటల్లో తరిగిపోతుంది. అది అయిపోయాక కాళ్లలో బలమంతా ఎవరో పిండేసినట్టు ఉంటుంది, తల దిమ్మెక్కుతుంది. అక్కడిదాకా రానివ్వకూడదు. మొదటి గంట నుంచే, ఆకలి వేయకముందే, గంటకు 30 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం పడాలి. ఒక పెద్ద అరటిపండులో దాదాపు 30 గ్రాములు ఉంటుంది. ఖర్జూరాలు, జామ్ రాసిన బ్రెడ్, ఉప్పు చల్లిన ఉడికించిన బంగాళాదుంపలు, ఏవైనా సరే. సాధనలో తిని అరిగించుకున్నవే ఆ రోజూ తినండి.

నీళ్లు దాహాన్ని బట్టి, కొంచెం కొంచెంగా. ఉక్కపోతలో, ఎండలో నీళ్లతో పాటు ఉప్పు కూడా లోపలికి వెళ్లాలి. భయంతో సీసాలకు సీసాలు ఉత్తి నీళ్లు తాగడం కూడా ప్రమాదమే, రక్తంలో సోడియం పడిపోతుంది. సాధన రైడ్‌కు ముందు, తర్వాత బరువు చూసుకుంటే మీ ఒళ్లు ఎంత నీరు కోల్పోతుందో తెలుస్తుంది. వచ్చాక బరువు పెరిగి ఉంటే మీరు ఎక్కువ తాగుతున్నట్టు.

వెంట ఏం పట్టుకెళ్లాలి?

రెండు కొత్త ట్యూబులు, టైరు లివర్లు (చక్రం మీంచి టైరును ఊడదీసే చిన్న పుల్లలు), చిన్న పంపు, ప్యాచ్‌లు, అలెన్ కీల సెట్ (సైకిల్ బోల్టులు తిప్పే ఆరు పలకల తాళాలు). ఫోన్, పవర్ బ్యాంక్, కొంత నగదు, గుర్తింపు కార్డు, దాని వెనక ఇంట్లోవాళ్ల నంబరు, మీరు వాడే మందుల పేర్లు. వెలుతురున్నా ముందూ వెనకా లైట్లు వెలిగించండి. హెల్మెట్ లేకుండా బయల్దేరవద్దు.

పంక్చర్ వేసుకోవడం రాదు. నేర్చుకోవాలా?

నేర్చుకోవాలి. ఇంట్లో, తీరిగ్గా, మూడుసార్లు ట్యూబు తీసి వేయండి. ఒక సంగతి మాత్రం నేను రోడ్డు మీద నేర్చుకున్నాను. వెనక చక్రం పంక్చరైతే చకచకా కొత్త ట్యూబు వేసి బయల్దేరాను. మూడు కిలోమీటర్లకు మళ్లీ గాలి పోయింది. చెట్టు కింద కూర్చుని, టైరు లోపలంతా చేతిరుమాలు మెల్లగా తిప్పుతూ వచ్చాను. ఒకచోట బట్ట దారం చిక్కుకుంది. అక్కడ కనురెప్ప వెంట్రుకంత సన్నటి ఇనుప తీగ ముక్క టైరులో దిగి ఉంది. వేలికి తగలదు, కంటికి ఆనదు. గోళ్లతో లాగి పారేశాక మిగతా దారంతా గాలి నిలిచింది. కొత్త ట్యూబు వేసే ముందు టైరు లోపల తప్పనిసరిగా బట్టతో తడమండి.

చేతులు తిమ్మిరెక్కుతున్నాయి, మెడ పట్టేస్తోంది. ఏం చేయాలి?

హ్యాండిల్ మీద బరువు ఎక్కువగా వేస్తున్నారు. మోచేతులు కొద్దిగా వంచి, భుజాలు వదులుగా వదిలి, చేతులు పెట్టే చోటు కొన్ని నిమిషాలకోసారి మార్చండి. చిటికెన వేలు, ఉంగరం వేలు తిమ్మిరెక్కితే అరచేతి అంచున ఉండే నరం నొక్కుకుంటోందని అర్థం. ప్యాడ్ ఉన్న గ్లవ్స్ సాయపడతాయి. ప్రతి రైడ్‌లో ఇదే వస్తుంటే హ్యాండిల్ కొంచెం పైకి లేపించండి.

స్నేహితులు పదిమంది వస్తామంటున్నారు. వేగాలు కలవవు కదా?

కలవవు. అందరూ అన్ని కిలోమీటర్లూ కలిసే తొక్కాలని పట్టుబట్టకండి. ప్రతి 20, 25 కిలోమీటర్లకు ఒక ఆగే చోటు, అక్కడికి చేరే టైము ముందే చెప్పండి. వేగంగా వెళ్లేవాళ్లు అక్కడ ఆగుతారు, నెమ్మదిగా వచ్చేవాళ్లు చేరుకుంటారు. అందరికంటే వెనక, దారి తెలిసిన ఓపికమంతులు ఒకరు ఉండాలి. ముందువాళ్ల చక్రానికి దగ్గరగా తొక్కితే గాలి దెబ్బ బాగా తగ్గుతుంది, నిజమే. అలవాటు లేనివాళ్లు మాత్రం ఆ పని చేయకూడదు. ముందువాళ్లు బ్రేక్ వేస్తే తప్పుకునే సమయం ఉండదు. ఫొటోలకు ఆగేటప్పుడు రోడ్డు పూర్తిగా దిగి ఆగమని అందరికీ చెప్పండి.

మధ్యలో ఆపేయాల్సి వస్తే అందరి ముందూ చిన్నతనం కాదా?

పిడుగులు పడుతుంటే, ఒళ్లు తేడాగా ఉంటే, బ్రేకులు పనిచేయకపోతే ఆపేయడమే సరైన పని. ఎవరు వచ్చి తీసుకెళ్తారో ముందే అనుకుని ఉంచండి, అప్పుడు ఆపడం తేలికవుతుంది. మామూలు అలసట, విసుగు వస్తే మాత్రం వెంటనే నిర్ణయం తీసుకోకండి. ఆగి, ఏదైనా తిని, పావుగంట నీడలో కూర్చోండి. నాకు 72వ కిలోమీటరు దగ్గర ఇక చాలనిపించింది. ఒక కల్వర్టు గోడ మీద కూర్చుని రెండు అరటిపళ్లు తిన్నాను. అంతలో మా అమ్మాయి స్కూటీ మీద వచ్చి, నోట్‌బుక్ కాగితం మీద స్కెచ్ పెన్నుతో రాసిన "ఇంకా 28" చూపించింది. 28 అన్న అంకె ఎంత చిన్నగా అనిపించిందో చెప్పలేను. ఆ కాగితం ఇప్పటికీ నా దగ్గర ఉంది.

## మర్నాడు

మర్నాడు ఒళ్లంతా నొప్పులుంటాయా? మళ్లీ ఎప్పుడు తొక్కొచ్చు?

తొడలు, వీపు ఒకటి రెండు రోజులు పట్టేసినట్టు ఉంటాయి. దిగిన వెంటనే తడి బట్టలు మార్చుకుని, గంటలోపు కడుపునిండా భోజనం చేయండి, అందులో పప్పో, గుడ్డో, మాంసమో ఉండాలి. మర్నాడు పడుకునే ఉండకుండా కాసేపు నడవండి. ఆ రాత్రి ఎంత ఎక్కువ నిద్రపోతే అంత మంచిది, కాబట్టి మర్నాడు పొద్దున్నే పనులేవీ పెట్టుకోవద్దు. మూత్రం ముదురు గోధుమ రంగులో వచ్చినా, నొప్పి తగ్గకుండా పెరుగుతున్నా డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. అంతా బాగుంటే మూడో రోజో నాలుగో రోజో సీటు మీద ఇబ్బంది లేదనిపించినప్పుడు, తేలిక గేరులో, ఏ లెక్కా పెట్టుకోకుండా ఒక అరగంట తొక్కి రండి.